ప్రత్యుత్తరము లేని విద్య

కొన్ని మాసముల క్రిందట మా మిత్రుడొకరు, పదవ తరగతి చదువుచున్న తన తమ్ముని తెలుగు వ్రాతపుస్తకమును తెచ్చి మాకు చూపినారు. అందొక పుటయందు పురపాలక సంఘపు కమీషనరుగారికి వ్రాసిన లేఖ యున్నది. పాఠశాల యెదుటి మురుగుకాలువ పొంగి పొరలుచున్నదనియు, దోమలు పెరిగి జ్వరములు ప్రబలుచున్నవనియు, వెంటనే తగిన చర్య గైకొనవలసినదనియు ఆ లేఖ ప్రార్థించుచున్నది. దస్తూరి ముత్యములవలె నున్నది. ఎచ్చటను తప్పు లేదు. వ్రాసినవాని పేరుండవలసిన చోట మాత్రము వరుసగ నాలుగు ఇంటూ గుర్తులు కలవు. క్రింద ఎఱ్ఱసిరా గీత. దాని ప్రక్క మార్కులు. ఆ తరగతిలోని నలువదిమంది బాలురును ఇదే లేఖను ఇవే మాటలతో నల్లబల్లమీద చూచి వ్రాసిరట. నలువది పుస్తకములును అలమారులోనికి పోయినవి. ఆ పాఠశాల యెదుట నిజముగ నొక మురుగుకాలువ కలదు. అది నిజముగనే పొంగుచున్నది. ఒక్క లేఖయు తపాలాపెట్టెను చేరలేదు.

ఈ సంగతి విని నవ్వి యూరకున్నవారు కలరు. మాకు నవ్వు రాలేదు. ఫిర్యాదు వ్రాయుట యెట్లో నేర్పెడి పాఠమే, ఫిర్యాదు వ్రాయుట వృథా యని కూడ నేర్పుచున్నది. ఊరి మేలుకై కలము పట్టుట మార్కులకై యాడు నాటకమని పదునైదేండ్ల బాలుడు గ్రహించుచున్నాడు. మూడేండ్లలో నాతడు ఓటరగును. అప్పుడాతడు తన వీథిని గూర్చి, తన ఊరిని గూర్చి, తన దేశమును గూర్చి అధికారులను నిలిపి యడుగవలసిన పౌరుడు. అడుగుటకు వలసిన మాట యతనికి వచ్చును. అడిగిన ఫలమున్నదన్న నమ్మకము మాత్రము లేదు. దానిని మన తరగతిగదియే హరించినది.

వ్రాత యనగా నేమి? ఎదుట లేని మనుష్యునితో మాటాడుట. మాటాడువానికి వినువాడు కావలెను; విన్నవాడు బదులు పలుకవలెను. బదులు రాని మాట అరణ్యరోదనము. మన బడులలో బాలుని వ్రాతకు పాఠకుడొక్కడే. ఆ యొక్కడును పాఠకుడు కాడు, పరీక్షకుడు. పరీక్షకుడు తనకు ముందే తెలిసినదానిని మరల చూచి సరియో కాదో నిర్ణయించును. తనకు తెలియని సంగతి యేదియో ఈ బాలుడు చెప్పునని యెదురుచూచి చదువడు. ఎదురుచూచువాడు లేనప్పుడు చెప్పువానికి మాత్రము ఉత్సాహమెక్కడిది? కావున మేము చెప్పదలచిన దొక్కటియే. బాలుడు వ్రాసిన దానిని తెలిసికొనగోరి చదువు మనుష్యుడొకడు ఉండవలెను. ఆ మనుష్యుడు తిరిగి వ్రాయవలెను. ఆ ప్రత్యుత్తరమును చూచి బాలుడు తన వ్రాతను తానే దిద్దుకొనవలెను. ఈ మూడును లేని రచనాబోధనము దస్తూరి సాధనమగును గాని రచన కానేరదు.

పాఠ్యపుస్తకములను కూర్చినవారిని మేము నిందింపము. మన తెలుగు వాచకములను తెఱచి చూచినచో లేఖ వ్రాయుమనియు, కరపత్రము సిద్ధపఱచుమనియు, సంభాషణ కల్పింపుమనియు, ఊరి పెద్దల నడుగుటకు ప్రశ్నావళి కూర్చుమనియు అభ్యాసములు కనబడును. 2009 నాటి విద్యాహక్కు చట్టముకూడ బాలుని భయమునుండి విముక్తుని జేయవలెననియు, అతడు తన యభిప్రాయమును స్వేచ్ఛగ వెల్లడించుటకు తోడ్పడవలెననియు తన యిరువది తొమ్మిదవ విభాగమున ఆదేశించినది. సంకల్పము మంచిదే. ఐనను ఆచరణమందు జరుగుచున్నదేమి? కరపత్రమును పంచువారు లేరు. ప్రశ్నావళికి బదులు చెప్పువారు లేరు. లేఖను అందుకొనువారు లేరు. బజారులో అమ్ము గైడులందు ఈ యభ్యాసములన్నింటికిని సిద్ధాన్నము దొరకును. దానిని ఎత్తివ్రాసిన బాలునకు మార్కులు నిండుగ వచ్చును; తన మాటలతో తడబడుచు వ్రాసినవానికి కొఱత పడును. ఏది లాభమో పిల్లలకు మనము చెప్పనక్కఱలేదు.

ముందు చదువుట రానిండు, పిమ్మట రచన సంగతి చూతమని కొందఱందురు. ప్రథమ్ సంస్థవారు 2005 నుండి గ్రామములలో ఇంటింటికి పోయి బాలల చదువును, లెక్కలను పరీక్షించి 'అసర్' పేరిట నివేదికలు వెలువరించుచున్నారు. దేశమంతటి గ్రామసీమలలో ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి బాలలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు నూటికి ఇంచుమించు 23 మంది మాత్రమేయని 2024 నివేదిక తెలుపుచున్నది. ఇది సిగ్గుపడవలసిన లెక్క. కాని దీనినిబట్టి రచనను వాయిదా వేయవలెనను వాదము మాకు సమ్మతము కాదు. తన పేర వచ్చిన జాబును చదువగోరని బిడ్డ యుండునా? వాచకములోని పాఠము అందఱిది, జాబు తనది. కూడబలుకుకొనియైనను దానిని కడవఱకు చదువును. చదివించు కోరికను పుట్టించునదే ప్రత్యుత్తరము. దానిని చదువు వచ్చిన పిదప నిత్తుమనుట, ఈత వచ్చిన పిదప నీటిలో దింపుదుమనుటయే.

ఇది మా యూహ మాత్రము కాదు. చేసి చూపినవారు కలరు. ఫ్రాన్సు దేశపు దక్షిణసీమలో గ్రాస్ పట్టణమునకు చేరువను బార్-సుర్-లూ అను కొండగ్రామము కలదు. 1920 లో ఆ యూరి ప్రాథమిక పాఠశాలకు సెలెస్తిన్ ఫ్రెనే యను యువకుడు ఉపాధ్యాయుడుగ వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధమున ఆతని ఊపిరితిత్తికి గాయము తగిలినది. గంటలకొలది గొంతెత్తి పాఠము చెప్పుటకు ఓపిక లేదు. అందుచేత నాతడు పిల్లలను వెంటబెట్టుకొని పొలములకును, పనివారి కొట్లకును పోయి, తిరిగివచ్చి, చూచినదానిని వారిచేతనే చెప్పించి బల్లపై వ్రాయించెడివాడు. ఆ వ్రాతలు బ్రతికియున్నవని ఆతనికి తోచినది. కాని బల్ల తుడిచినంతనే యవి మాసిపోవుచున్నవి. 1924 లో ఆతడొక చిన్న చేతి అచ్చుయంత్రమును కొని తరగతిలో బెట్టెను.

ఆ యంత్రము చేసిన పని గమనింపదగినది. పిల్లలు తమ యిష్టము వచ్చిన సంగతిని గూర్చి వ్రాసి తరగతికి చదివి వినిపింతురు. అందొక దానిని అందఱును కలిసి యెన్నుకొందురు. దానిని బల్లమీదికెక్కించి, ఈ వాక్యము బోధపడుట లేదు, ఈ మాట సరిగా లేదు అనుచు వ్రాసినవాని సమ్మతితో దిద్దుదురు. పిమ్మట ఒక్కొక్క యక్షరమును తమ చేతులతోనే పేర్చి అచ్చొత్తుదురు. సీసపు అక్షరములను వ్రేళ్లతో పేర్చు బాలుడు వర్ణక్రమమును పరాకుగ చూడడు. ఐనను అచ్చుకంటె గొప్ప సంగతి మఱొకటి. దేశపు మఱొక కొనయందు, బ్రిటనీ సముద్రతీరమున, ట్రెగుంక్ అను నూరిలో రెనే దానియెల్ అను ఉపాధ్యాయుని తరగతి యొకటి యుండెను. ఫ్రెనేగారి కొండపిల్లలును, దానియెల్‌గారి సముద్రతీరపు పిల్లలును తాము అచ్చువేసిన పుటలను, జాబులను ఒకరికొకరు పంపుకొనసాగిరి.

ఇచ్చట కొంచె మాగి యాలోచింపుడు. కొండమీది బాలుడు తన యూరి తోటలను గూర్చి తన యూరి బాలునకు చెప్పవలసిన దేమియు లేదు. వాడును చూచుచునే యున్నాడు. సముద్రమును మాత్రమే యెఱిగినవానికి చెప్పవలసివచ్చినప్పుడే ఆ తోట యెట్లుండునో, ఆ పూవు నెట్లు కోయుదురో, ఏ ఋతువున కోయుదురో తాను మొదటిసారి జాగ్రత్తగ చూచును. ఎఱుగని పాఠకుడు దొరకినప్పుడే ఎఱిగిన వస్తువు క్రొత్తదగును. ఆ పాఠకుడు ఇది నాకు బోధపడలేదని తిరిగి వ్రాసినప్పుడే తన వాక్యమునందలి లోపము తెలియును. ఏ వ్యాకరణ బోధకుడును ఇంతకంటె చక్కగ నేర్పలేడు. ఉపాధ్యాయుడు తప్పనిన బాలుడు చిన్నబుచ్చుకొనును. దూరపు మిత్రుడు బోధపడలేదనిన మరల వ్రాయును. ఫ్రెనేగారి మార్గము పెద్దలకందఱకును రుచింపలేదు. ఆతడు ప్రభుత్వోద్యోగమును వీడి 1935 లో వాన్స్ గ్రామమున తన సొంతపాఠశాలను నెలకొల్పవలసివచ్చినది. 1966 లో నాతడు గతించెను. ఆతని మార్గమున నడచు ఉపాధ్యాయులు నేటికిని అనేక దేశములయందు గలరు.

పోలండు రాజధానియగు వార్సా నగరమున యానుష్ కోర్చాక్ అను వైద్యుడు 1912 నుండి యూదు అనాథబాలుర ఆశ్రమమొకటి నడపెను. ఆ యాశ్రమమున నొక జాబులపెట్టె యుండెడిది. ఏ బిడ్డ వచ్చి ఏ మొఱ పెట్టుకొన్నను, దానిని వ్రాసి పెట్టెలో వేయుమని యాతడు చెప్పెడివాడు. ఇది తప్పించుకొను మార్గమని యనుకొనరాదు. వ్రాయబూనిన బిడ్డ తన మొఱ యెంత పెద్దదో తానే తూచుకొనును. కోపము చల్లారినచో వ్రాయక మానును. వ్రాసినచో బదులు వచ్చువఱకు ఓపికపట్టుట నేర్చుకొనును. ఆ పెట్టెలోని కాగితమునకు బదులు తప్పక వచ్చెడిది. కనుకనే ఆ పెట్టె పనిచేసినది. 1926 అక్టోబరు 9 వ తేదీని ఆతడు ఒక దినపత్రికకు వారపు అనుబంధముగ పిల్లలే వ్రాయు పిల్లల పత్రికను ప్రారంభించెను. దేశపు నలుమూలలనుండి బాలబాలికలు తమ యింటి సంగతులను, బడి సంగతులను, అవమానములను, ఆశలను దానికి వ్రాసిరి. యుద్ధము ఆరంభమైన 1939 సెప్టెంబరు 1 వ తేదీతో ఆ పత్రిక నిలిచిపోయినది. 1942 లో ఆతడు తన బాలలను విడువక వారితో గూడ ట్రెబ్లింకా వధాశిబిరమునకు పోయెను. బిడ్డ మాటకు బదులు చెప్పుట తన ధర్మమని నమ్మినవాడు ఆ ధర్మమును ఎంత దూరము పాటించెనో చూడుడు.

పరదేశముల కథలు చాలును. మన యింటి సంగతి యేమందురా? రచనాబోధనమును గూర్చి మనవారు వాదించినంతగ మఱెవ్వరును వాదింపలేదేమో. మదరాసు రాజధానిలో 1911 మొదలుకొని కొన్ని సంవత్సరములు, బాలురు పరీక్షలయందు వ్యాసమును ఏ తెలుగున వ్రాయవలెనను వివాదము చెలరేగెను. గురజాడ అప్పారావుగారు 1914 లో విశ్వవిద్యాలయమునకు తమ భిన్నాభిప్రాయపత్రమును సమర్పించిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు ఆ వాదమునకే ధారవోసిరి. నేడు వారి జన్మదినమగు ఆగష్టు 29 ని తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. వారి వాదపు సారమేమి? బాలుడు తాను వాడని మాటలతో వ్రాయవలసివచ్చినచో, చెప్పదలచిన దానిని విడిచి తప్పులు పడకుండ చూచుకొనుటలోనే మునిగిపోవునని. పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరలకు సవరభాషలోనే చదువు చెప్పించుటకై పాటుపడినదియు ఈ కారణముననే. ఎవరితో మాటాడుచున్నామో ఎఱిగి మాటాడవలెనని వారి మతము.

ఆ వాదమున వారు గెలిచిరి. మా పత్రిక శైలి పాతదైనను ఈ సత్యమును ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. బాలురు నేడు వాడుకభాషలోనే వ్యాసములు వ్రాయుచున్నారు. ఐనను రచనకు జీవము వచ్చినదా? రాలేదు. నాటి బాలుడు గ్రాంథికమును కంఠస్థము చేసెను. నేటి బాలుడు వ్యావహారికమును కంఠస్థము చేయుచున్నాడు. భాష మాఱినది, కంఠస్థము మాఱలేదు. ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్నకు మన పెద్దలు బదులు చెప్పిరి. ఎవరికి వ్రాయవలెనను ప్రశ్నను వారు మనకు విడిచిపోయిరి. దానిని మనము ఇంకను ముట్టలేదు.

ప్రత్యుత్తరమునకు గల శక్తికి తెలంగాణమున నొక నిదర్శనము కలదు. తెలంగాణమునందు కవులు పూజ్యమని యొకరు వ్రాసిన మాటకు, గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపవాక్యములతో తృప్తిపడలేదు. ఊరూరికిని విన్నపములు పంపి, కవులను పలికించి, 1934 లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు! అందనేకులు అంతకుముందు తమ పద్యములను తమ యింటి తాటాకులందును, నోటుపుస్తకములందును దాచుకొన్నవారే. అడిగినవాడు దొరకినంతనే ఒక సీమయంతయు పలికినది. మన తరగతిగదులలో ఎందఱు బాలకవులు, ఎందఱు విమర్శకులు, ఎందఱు ఫిర్యాదీదారులు అడుగువాడు లేక మౌనముగ కూర్చుండియున్నారో ఎవరు లెక్కింపగలరు?

ఇక ఆక్షేపణలు. ఒక్కొక్క తరగతిలో నలువదిమంది, ఏబదిమంది యున్నారు. అందఱి వ్రాతలకును బదులు వ్రాయుట ఉపాధ్యాయునకు సాధ్యమా యని యడుగుదురు. సాధ్యము కాదు. ఉపాధ్యాయుడు ఒంటరిగ బదులు వ్రాయవలెనని మే మనుట లేదు. నలువదిమంది వ్రాయువారున్న చోట నలువదిమంది చదువువారును ఉన్నారు గదా. ఒకరి వ్రాతకు మఱొకరు బదులు వ్రాసినచో ఉపాధ్యాయుని బరువు తగ్గునే గాని పెరుగదు. ఆతడు ఆ సంవాదమును దూరమునుండి కనిపెట్టుచు, తోచినప్పుడు తానును ఒక పాఠకుడై పాల్గొనిన చాలును.

పిల్లల తప్పులను పిల్లలే ఎట్లు దిద్దుదురని రెండవ ఆక్షేపణ. వర్ణక్రమపు తప్పులకు ఉపాధ్యాయుడు, నిఘంటువు ఉన్నవి. కాని వ్రాతయందు అంతకంటె పెద్ద తప్పొకటి కలదు. ఏమియు చెప్పక పుట నింపుట. దానిని పట్టుకొనువాడు తోటిబాలుడే. 'నీవు మీ తాతగారు గొప్పవారని వ్రాసితివి. ఆయన యేమి చేసిరో వ్రాయలేదు' అని తోటివాడడిగినచో, గొప్పవారను మాటకు ఆధారము వెదకవలసివచ్చును. ఆధారము లేని మాట యాడరాదనుట న్యాయస్థానమునకును, శాసనసభకును, పత్రికకును మొదటి సూత్రము. దానిని పండ్రెండవ యేట నేర్చినవాడు ధన్యుడు.

బదులు చెప్పుట నేర్పినచో పిల్లలు ఎదురుచెప్పుట నేర్తురని మూడవ ఆక్షేపణ. దీనిని బయటికి చెప్పువారు కొందఱే. లోలోపల ననుకొనువారు పెక్కుమంది. వారికి మా సమాధానమిది. ఎదురుచెప్పుట నేర్వని జాతికి స్వరాజ్యము నిలువదు. ఐనను ఎదురుచెప్పుటకు నొక మర్యాద కలదు. ఆ మర్యాద బడిలో నేర్పనిచో వీథిలో నేర్వవలసివచ్చును. వీథి నేర్పునది మర్యాద కాదు.

ఈ మాట వట్టి నీతివాక్యము కాదు. నేడు పల్లెపట్టులందు సైతము ప్రతి చేతిలోను ఫోను కలదు. పూర్వము వ్రాతకు ఒక పత్రిక, ఒక సంపాదకుడు, ఒక తపాలావాడు కావలసియుండెను. నేడు ఏ గడపలో కూర్చున్నవాడైనను క్షణములో వేయిమందికి వ్రాయగలడు, వారి బదులును క్షణములో పొందగలడు. ఇంత గొప్ప సాధనము మన పూర్వులు కలలోనైన ఎఱుగరు. దానితో మనము చేయుచున్నదేమి? వచ్చినదానిని చదువకయే మఱొకరికి త్రోయుట, నచ్చనివానిని తిట్టుట. 2018 జులై 1 వ తేదీని మహారాష్ట్రమున ధూలే జిల్లాలోని రాయిన్‌పాడా గ్రామమున, పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకారు ఫోనులద్వారా వ్యాపింపగ, ఆ మాటను నమ్మిన జనులు ఐదుగురు నిరపరాధులను కొట్టి చంపిరి. ఆ నెలలోనే వాట్సప్ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసినది. యంత్రమునకు కట్టడి చేయవచ్చును, మనుష్యునకో?

మేము స్పష్టముగ చెప్పుచున్నాము. నల్లబల్లమీది లేఖను మాఱుమాట లేక ఎత్తివ్రాసిన చేయియే, ఫోనులోని పుకారును మాఱుమాట లేక ముందుకు త్రోయుచున్నది. 'ఇది యెవరు చెప్పిరి? నీవు చూచితివా? ఎప్పుడు?' అని వ్రాసినవాని నడుగు నలవాటు బడిలో కలుగనివానికి వీథిలో కలుగదు. ఆ మూడు ప్రశ్నలను ఒక్కడు తిరిగి వ్రాసియుండినచో ఎన్ని పుకార్లు పుట్టినచోటనే చచ్చియుండెడివో!

ఏమి చేయవలెను? ధనముతో పని లేని మార్గములు కొన్ని మాకు తోచినవి. ప్రతి తరగతియందును ఒక లిఖితపత్రిక యుండవలెను. దానియందు ఎడమపుట వ్రాయువానిది. కుడిపుట ఖాళీగ విడువవలెను, అది బదులు వ్రాయువారిది. బదులు వ్రాయుటకు మూడు నియమములు చాలును. మొదట, వ్రాసినవాడు ఏమి చెప్పెనో ఒక వాక్యమున చెప్పవలెను. పిమ్మట, తనకు తెలియని దొకటి యడుగవలెను. కడపట, ఒప్పుకొననిచో కారణము చూపవలెను. తిట్టరాదు, వట్టి పొగడ్త పొగడరాదు. కుడిపుట నిండువఱకు ఉపాధ్యాయుడు మార్కులు వేయరాదు.

రెండవది, ఒక్కొక్క బడి దూరపు బడి నొకదానిని చెలిమికి ఎన్నుకొనవలెను. కోనసీమ కొబ్బరితోటల బాలునకు ఆదిలాబాదు అడవుల సంగతి తెలియదు. శ్రీకాకుళపు కడలి యొడ్డున నున్న బాలికకు పాలమూరు మెట్టపొలముల సంగతి తెలియదు. 2014 లో రాష్ట్రము రెండైనది. పెద్దలమధ్య నీళ్ల తగవులు, ఆస్తుల తగవులు కలవు. పిల్లలమధ్య జాబులకు హద్దురాళ్లెందుకు? హోసూరులో తెలుగు చదువు పిల్లలును, అమెరికాలో వారాంతపు తరగతులందు తెలుగక్షరములు దిద్దు పిల్లలును ఈ చెలిమికి కాచుకొనియున్నవారే. తెలుగు నేర్చి యేమి లాభమని యడుగు ఆ బిడ్డకు, తెలుగున వచ్చిన ఒక జాబుకంటె మంచి సమాధానము లేదు.

ఈ ఉత్తర ప్రత్యుత్తరములు కార్డుపైన జరిగిన నేమి, ఫోనులో జరిగిన నేమి? తపాలా కార్డు మన దేశమున 1879 లో కాలణా వెలకు పుట్టినది. నేటికిని పేదవానికి అందుబాటున నున్నది. ఫోను వసతి గల బడి ఫోనును వాడుకొనవచ్చును. ఐతే పిల్లల పేర్లు, చిరునామాలు, బొమ్మలు లోకము నెదుట పెట్టరాదు. పదునెనిమిదేండ్లలోపు వారి వివరములకు తల్లిదండ్రుల యనుమతి కావలెనని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము విధించుచున్నది. పాఠకుడు నిజమైనవాడు కావలెనన్నంత మాత్రమున లోకమంతయు పాఠకుడు కానక్కఱలేదు. ఎఱిగిన బడి, ఎఱిగిన తరగతి, ఎఱిగిన మిత్రుడు చాలును.

మూడవది మా పాఠకులకే విన్నపము. మన గ్రంథాలయోద్యమము ఊరూర పఠనమందిరములను నిలిపినది. 1914 లో బెజవాడలో కూడిన గ్రంథాలయ మహాసభ నాటినుండి ఆ దీపము ఆఱలేదు. మీ పఠనమందిరపు బల్లమీద నొక పుస్తకమునుంచి, మీ యూరి బడిపిల్లల వ్రాతలను అందతికింపుడు. పత్రిక చదువవచ్చిన పెద్దలు ప్రతి వారమును ఒక బిడ్డకైనను నాలుగు పంక్తులు బదులు వ్రాయుడు. ప్లీడరుగారు, వైద్యుడుగారు, కిరాణా షావుకారుగారు తమ వ్రాత చదివి ప్రశ్న యడిగిరని తెలిసిన బిడ్డ ఆ రాత్రి నిద్రపోవునా? మఱునాడు మరల వ్రాయును.

కడపట ఆ మురుగుకాలువను గూర్చి. మా మిత్రుని తమ్మునితో మేము మాటాడితిమి. కాలువను నీవు నిజముగ చూచితివా యని యడిగితిమి. ఏ దినములలో పొంగునో, ఏ యింటివద్ద పూడినదో, పిల్లలు ఎచ్చట జాఱిపడుదురో ఆ బాలుడు కాలుగంటసేపు చెప్పెను. అందొక్క సంగతియు నల్లబల్లమీది లేఖలో లేదు. ఇప్పుడు నీవు చెప్పినదే వ్రాయుము, ఇంటూ గుర్తులకు బదులు నీ పేరు వ్రాయుము అన్నాము. ఆతడు కొంతసేపు ఊరకుండి, 'వ్రాసిన, వారు బదులు వ్రాయుదురా అండీ?' అని యడిగెను.

ఆ ప్రశ్న మమ్ముగాదు, మన దేశమును అడిగినది. బిడ్డలకు అక్షరములు నేర్పితిమి. వారి యక్షరములకు బదులు చెప్పు బాధ్యతను మనము నేర్వలేదు. ఆ లేఖ వెళ్లినది. దాని క్రింద ఆ బాలుని పేరున్నది. కమీషనరుగారి బదులు కొఱకు ఆతనితోబాటు మేమును ఎదురుచూచుచున్నాము.